కూడు అంటే తప్పెట్లా అవుతుంది?

ఈసారి రాత కొంచెం పొడుగు. మధ్యాహ్నం కూడు తిన్నాక నిదానంగా చదవండి. కూడు అని కావాలనే రాసినాం. ఎందుకో చదువుతా పోతే మీకే తెలుస్తుంది.

మేము రైల్వేలో గూడ్స్ ఆఫీసు క్లార్కుగా ఉన్న రోజుల్లో అమ్మ దగ్గర నుంచి నెలకొక కార్డు వచ్చేది. ఒకసారి పక్క సీటు అరవాయన ఆ కార్డు తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టినాడు. అక్షరాలన్నీ ఆయనవే, అరవ అక్షరాలు. గడగడా నాలుగు వరుసలు చదివి నిలిచిపోయినాడు. "ఏమప్పా ఇది, చదవడానికి వస్తోంది, అర్థం కావడం లేదు" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. మేమూ నవ్వినాం. అమ్మ రాసింది తెలుగు. రాసిన అక్షరాలు అరవం. ఆమెకు వచ్చిన అక్షరాలు అవే.

మన ఇళ్ళల్లో ఇది చాలామందికి తెలిసిన సంగతే. మా చదువంతా అరవ పళ్ళికూడంలోనే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటినాక. డ్యూటీ మీద గూడూరు, రేణిగుంట పోయినప్పుడు స్టేషన్ బోర్డు కింద ఇంగ్లీషులో ఊరి పేరు చదివి, పైన ఉన్న తెలుగు అక్షరాన్ని పోల్చుకునేవాళ్ళం. గూ ఇది, డూ ఇది, రు ఇది అని. అట్లా బోర్డుల మీద కూడబలుక్కున్న అక్షరాలతోనే ఇప్పుడు మీకు ఇంత పొడుగు రాస్తున్నాం. అందుకే తప్పులుంటే మన్నించండి అని ప్రతిసారీ అడుగుతాం.

అమ్మ కార్డుల్లో ఒక కష్టం ఉండేది. అరవంలో కకూ గకూ ఒకటే అక్షరం. పకూ బకూ ఒకటే. గంప అని రాసినా కంప అని రాసినా కంటికి ఒకటే. గాలి, కాలి ఒకటే. మనకు ఇంటి మాట తెలుసు గనక సరిగ్గా చదువుకుంటాం. ఆ మాట తెలియని మనవడికి ఆ కార్డు ఇస్తే చదవలేడు. ఈ సంగతి మనసులో ఉండగానే, రిటైరైనాక చదివిన వాటిల్లో ఒక చిన్న జనం సంగతి కంటబడింది. ఊరు పేరు తెలియని దూరదేశం. కానీ మా అమ్మ కార్డులు ఎవరో తీసి మా ముందు పెట్టినట్టు అనిపించింది.

వాళ్ళు బల్గేరియన్లు. కానీ బల్గేరియాలో ఉండేవాళ్ళు కాదు. రొమేనియా దేశం పడమటి అంచున బనాత్ అనే మైదానం ఉంది. తిమిషోవారా అక్కడి పెద్ద ఊరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో దాదాపు 280 ఏళ్ళుగా ఉంటున్న బల్గేరియన్లు. బనాత్ బల్గేరియన్లు అంటారు. కొద్దిమంది సెర్బియా వైపు కూడా ఉన్నారు, ఏమంటే 1918 తరవాత ఆ మైదానాన్ని దేశాలు పంచుకున్నాయి. గీత అటు పడితే అటు, ఇటు పడితే ఇటు. ఈ కథ మన హోసూరు వాళ్ళకు, బళ్ళారి వాళ్ళకు, పర్లాకిమిడి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేదు.

వాళ్ళు అక్కడికి ఎట్లా వచ్చినారంటే, బల్గేరియాను తురకలు, అంటే ఉస్మానియా సుల్తానులు ఏలే కాలం అది. దేశంలో ఎక్కువమంది ఆర్థొడాక్స్ క్రైస్తవులు. వీళ్ళు మాత్రం రోము వైపు క్యాథలిక్కులు, తక్కువమంది. 1688లో ఆస్ట్రియా సైన్యం బెల్‌గ్రేడ్ పట్టుకుంది. ఆ ధైర్యంతో చిప్రోవ్‌త్సి అనే ఊళ్ళో క్యాథలిక్కులు సుల్తాను మీద తిరగబడినారు. తిరుగుబాటు అణిగిపోయింది, ఊరు నాశనమైపోయింది. ప్రాణాలు దక్కినవాళ్ళు డాన్యూబ్ నది దాటినారు. ఇంకొక గుంపు నికోపోల్, స్విష్టోవ్ వైపు పల్లెల నుంచి వచ్చిన పావ్లికాన్లు, పాత కాలపు ఒక మతశాఖ నుంచి క్యాథలిక్కులుగా మారినవాళ్ళు. నికోలా స్తానిస్లావిచ్ అనే బిషప్పు వాళ్ళకు పెద్ద దిక్కు. 1738లో స్టార్ బిష్నోవ్ అనే ఊళ్ళో పావ్లికాన్లు, 1741లో వింగా అనే ఊళ్ళో చిప్రోవ్‌త్సి వాళ్ళు కుదురుకున్నారు. మరియా థెరీసా రాణి వింగాకు పట్టణం హోదా ఇచ్చి తన పేరు మీద థెరీసియోపొలిస్ అని పిలిపించింది. స్టార్ బిష్నోవ్ పేరు ఇప్పుడు రొమేనియా లెక్కల్లో దుదెష్టీ వెకి.

మన పెద్దలు విజయనగరం, నాయకరాజుల కాలంలో ఈ దిక్కుకు వచ్చినారు. వాళ్ళు ఆస్ట్రియా ఏలుబడి కాలంలో వచ్చినారు. మన కథలో దండు ఉంది, వాళ్ళ కథలో ఓడిపోయిన దండు ఉంది. అంతకన్నా పోలిక లాగము.

మమ్మల్ని నిలబెట్టింది వాళ్ళ అక్షరాల సంగతి.

బల్గేరియాలో రాసేది సిరిలిక్ అక్షరాలతో. రష్యా వాళ్ళ అక్షరాల్లాగా ఉంటాయి. బనాత్ వాళ్ళ చుట్టూ ఉన్నది జర్మన్, హంగేరియన్, క్రొయేషియన్. అన్నీ ఇంగ్లీషు అక్షరాల జాతి, అంటే లాటిన్ లిపి. గుళ్ళో పుస్తకమూ అదే లిపి, కచేరీలో కాగితమూ అదే లిపి. పిల్లకాయలకు కంటికి అలవాటైన అక్షరాలు అవే. 1866లో యోజు రిల్ అనే ఉపాధ్యాయుడు ఒక చిన్న పుస్తకం వేసినాడు. వాళ్ళ ఇంటి భాషను లాటిన్ అక్షరాల్లో ఎట్లా రాయాలి అని రూళ్ళు కట్టినాడు. క్రొయేషియా వాళ్ళ పద్ధతి కొంత తీసుకున్నాడు. ఎస్ మీద చిన్న కొమ్ము పెడితే ష, సీ మీద కొమ్ము పెడితే చ. ఎల్ పక్కన జే రాస్తే మెత్తటి ల. ఏ శబ్దానికి ఏ గుర్తు అని తేల్చిపెట్టినాడు. మా అమ్మ కార్డులో గంపకూ కంపకూ తేడా లేకుండా పోయిందే, ఆ కష్టం వాళ్ళకు రాకుండా చేసినాడు.

ఇంకొకటి చూడండి. ఆయన రాయించింది రాజధాని భాష కాదు. అప్పటికి బల్గేరియా అనే సొంత రాజ్యమే లేదు, అది 1878లో వచ్చింది. సోఫియా వాళ్ళు ఎట్లా మాట్లాడతారో అట్లా రాయండి అని చెప్పలేదు. మన అవ్వ పొయ్యి దగ్గర ఎట్లా మాట్లాడుతుందో అట్లా రాయండి అన్నాడు. దాని మీద బడి పుస్తకాలు, ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, పత్రికలు వచ్చినాయి. లెయొపొల్డ్ కొసిల్కోవ్ అనే ఇంకొక ఉపాధ్యాయుడు బడి కోసం, ఇంటి కోసం ఎన్నో రాసినాడు, తర్జుమా చేసినాడు.

వాళ్ళ మాటల్లో పక్కవాళ్ళ మాటలు నిండా ఉన్నాయి. తీగను ద్రోత్ అంటారు, అది జర్మన్. ఇంటి నడవాను గాంగ్ అంటారు, అదీ జర్మన్. కరెంటును విలాన్య్ అంటారు, అది హంగేరియన్. బడిని మనం పళ్ళికూడం అన్నట్టే. పక్కింటి మాట వచ్చి మన ఇంట్లో కూర్చుంటే, ఇల్లు మనది కాకుండా పోతుందా? పోదు అని వాళ్ళు చూపించినారు. బల్గేరియా నుంచి ల్యుబొమిర్ మిలెటిచ్ అనే పండితుడు 19వ శతాబ్దం చివర్లో వాళ్ళ దగ్గరికి పోయి వాళ్ళ భాషను, రాతలను గురించి రాసినాడు. 1960ల్లో స్తోయ్కో స్తోయ్కోవ్ అనే ఆయన వాళ్ళ మాటలన్నిటికీ ఒక నిఘంటువే చేసినాడు. పోయిన పండితులు తప్పుల పట్టీ రాయలేదు. మాటల పట్టీ రాసినారు.

కష్టాలు లేవని కాదు. 1867 తరవాత హంగేరీ సర్కారు వచ్చి బళ్ళల్లో హంగేరియన్ రుద్దింది. 1951 జూన్‌లో రొమేనియా కమ్యూనిస్టు సర్కారు యుగోస్లావియా సరిహద్దు పక్కన 25 కిలోమీటర్ల లోపల ఉండే ఊళ్ళ నుంచి దాదాపు 40 వేలమందిని గూడ్స్ బండ్లల్లో ఎక్కించి బరగాన్ అనే బీడు భూముల్లో దించింది. నమ్మకం లేని జనం అని. అందులో అన్ని జాతులవాళ్ళూ ఉన్నారు, వీళ్ళూ ఉన్నారు. గూడ్స్ బండి అంటే మాకు బస్తాల లెక్క, టన్నుల లెక్క. మనుషుల్ని ఎక్కించిన గూడ్స్ బండికి రసీదు ఎవరు రాసుంటారు అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాం.

ఇప్పుడు వాళ్ళ హోదా ఏమి? రొమేనియా రాజ్యాంగం 62వ అధికరణంలో ఒక ఏర్పాటు ఉంది. జాతీయ మైనారిటీల సంఘాలకు మామూలు లెక్కన సీటు గెలిచేంత ఓట్లు రాకపోయినా, ఒక్కొక్క మైనారిటీకి దిగువ సభలో ఒక్క సీటు ఇస్తారు. ఒక మైనారిటీకి ఒక సంఘమే. కొంచెం ఓట్లు రావాలి, కానీ మామూలు అభ్యర్థికి కావలసిన దాంట్లో చిన్న భాగం వస్తే చాలు. ఆ లెక్కన బనాత్ బల్గేరియన్ల సంఘం పేరున ఒక సభ్యుడు పార్లమెంటులో కూర్చుంటాడు. మైనారిటీ భాషల కోసం యూరోపు దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని రొమేనియా 2008లో ఆమోదించింది. ఎక్కువ రక్షణ ఇచ్చిన పది భాషల్లో బల్గేరియన్ ఒకటి. ఊళ్ళో 20 శాతం మంది ఒక మైనారిటీ వాళ్ళుంటే పంచాయతీ ఆఫీసులో ఆ భాషలో మాట్లాడవచ్చు, అర్జీ ఇవ్వవచ్చు అని అక్కడ చట్టం. తిమిషోవారా నుంచి వాళ్ళ అక్షరాల్లోనే నాషా గ్లాస్ అనే పత్రిక వస్తుంది. మా గొంతు అని అర్థం.

రొమేనియా మొత్తంలో బల్గేరియన్లు 2002 జనాభా లెక్కల్లో 8 వేల చిల్లర. తమిళనాడులో 2011 లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షలు. లక్షల్లో ఉన్న మనకు ఏముంది? రాజ్యాంగంలో 350ఎ ఉంది, మైనారిటీ పిల్లలకు ప్రైమరీ చదువు మాతృభాషలో ఏర్పాటు చేయాలి అని. 350బి ఉంది, దాన్ని చూసుకునేదానికి ఒక అధికారి. రెండూ 1956లో చేర్చినారు. 29, 30 ఉన్నాయి. కాగితం మంచిదే. సీటు మాత్రం లేదు. ఆంగ్లో ఇండియన్లకు లోక్‌సభలో రెండు సీట్లు ఉండేవి, అవి కూడా 2020లో పోయినాయి. ఇక్కడ 2006 నుంచి అరవం అందరూ చదవాలని చట్టం. అరవం చదవడం మాకు కష్టం కాదు, ఆ భాష మాకు బువ్వ పెట్టింది, దాని మీద మాకు కోపం లేదు. దాని పక్కన తెలుగుకు ఒక పీట వేయండి అనే మన సంఘం మొదటి నుంచి అడుగుతా ఉంది.

అయితే, సీటు ఉంటే అంతా సర్దుకుంటుంది అని రాస్తే అబద్ధం రాసినట్టే. రొమేనియాలో 2021 లెక్కలకు వాళ్ళు 6 వేలకు లోపలే. పిల్లలు పట్నానికి, పరదేశానికి పోతున్నారు. వేరే భాషవాళ్ళను పెళ్ళి చేసుకుంటున్నారు. చట్టం తలుపు తీసి పెడుతుంది. లోపలికి పోయి దీపం పెట్టేది ఇంటివాళ్ళే.

ఇంకొక విచిత్రం ఉంది. 1878లో బల్గేరియా సొంత రాజ్యంగా నిలబడినాక, భూమి ఇస్తాం రండి అంటే కొన్ని వేలమంది బనాత్ నుంచి తిరిగి సొంత దేశానికి పోయినారు. బర్దార్‌స్కి గెరాన్, అసెనోవో, గోస్తిల్యా లాంటి ఊళ్ళల్లో కుదిరినారు. మంచి సేద్యగాళ్ళని పేరు తెచ్చుకున్నారు. అక్కడ వాళ్ళు మైనారిటీ కాదు, బల్గేరియన్లే. కాబట్టి మైనారిటీ హోదా లేదు, సీటు లేదు, సొంత అక్షరాలు లేవు. పిల్లలు బళ్ళో సిరిలిక్ నేర్చినారు, బడి భాష నేర్చినారు. పరాయి దేశంలో మిగిలిన అన్నకు సొంత పత్రిక ఉంది. సొంత దేశానికి పోయిన తమ్ముడి మాట యాస అనిపించుకుంది.

ఇది చదివినప్పుడు మా గుండెలో ఒక ముల్లు గుచ్చుకుంది. ఇప్పుడు కూడు సంగతి చెప్తాం.

మన సంఘం ఆదివారం తెలుగు తరగతి గురించి మీకు తెలుసు. మొదట్లో పద్నాలుగు మంది పిల్లకాయలు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఐదుగురు. ఆ తరగతి కొన్నాళ్ళు నడిపింది మేమే. పుస్తకాలు ఆంధ్రా నుంచి తెప్పించినాం. ఒకరోజు ఒక పాప, ఏడేళ్ళు ఉంటాయి, లేచి చెప్పింది, "మా అవ్వ కూడు పెట్టింది, తినేసి వచ్చినా" అని. ఎంత చక్కటి వాక్యం! మేము ఏం చేసినాం? "కూడు అనగూడదమ్మా, అన్నం అనాలి, లేకుంటే భోజనం అనాలి. కూడు అంటే ఆంధ్రాలో నవ్వుతారు" అన్నాం.

ఎందుకన్నామో మాకు తెలుసు. తిరుపతిలో ఒక హోటల్లో చాలా ఏళ్ళ కింద మేము "కూడు ఉందా" అని అడిగినాం. వడ్డించే పిల్లవాడు పక్కవాణ్ణి చూసి నవ్వినాడు. "సార్ తమిళా?" అన్నాడు. ఇక్కడ మనల్ని తెలుగోళ్ళు అంటారు, అక్కడికి పోతే అరవోళ్ళు అంటారు. ఆ సిగ్గు మాలో ఉండిపోయింది. దాన్ని తీసుకొచ్చి ఆ పాప నెత్తిన పెట్టినాం.

పాప ఇంటికి పోయి అవ్వతో చెప్పింది. "అవ్వా, నువ్వు మాట్లాడేది తప్పు తెలుగంట." ఆ అవ్వకు డెబ్బై దాటినాయి. జీవితమంతా ఆ ఇంట్లో తెలుగు వదలనిది ఆమె ఒక్కతే. కొడుకు, కోడలు అరవంలో మాట్లాడుకున్నా, ఆమె మాత్రం మనవరాలితో తెలుగే. ఆ రోజు నుంచి ఆమె పాపతో అరవంలో మాట్లాడుతోంది. "మాది తప్పు తెలుగయితే బిడ్డకు ఎందుకు అంటించాలి" అని పక్కింటివాళ్ళతో అన్నదంట. నెల తరవాత పాప తరగతికి రావడం మానేసింది. హంగేరీ సర్కారు కాదు, 2006 చట్టం కాదు, ఆ ఇంట్లో తెలుగును ఆపింది మేము. తెలుగు నేర్పిస్తామని పోయి ఆపినాం.

నన్నయ కాలం నుంచీ కూడు తెలుగు మాటే. వంటకూడు, చద్దికూడు అంటే ఎవరూ నవ్వరు. ఆంధ్రాలో ఆ మాట వాడుకలో కిందికి జారింది, మన దగ్గర జారలేదు. పాతదాన్ని దాచుకున్నవాళ్ళను తప్పు చేసినవాళ్ళు అన్నాం.

పోయిన నెల కమిటీ కూర్చున్నప్పుడు మేము రెండు మాటలు పెట్టినాం. ఒకటి, కొత్తగా వచ్చే పిల్లకాయలు మొదటి ఆరు నెలలు తెలుగును అరవ అక్షరాల్లో రాసుకోనీయండి. క, గ తేడాకు కింద ఒక చుక్క పెట్టుకుందాం. మాట నోటికి కుదిరినాక తెలుగు అక్షరాలు నేర్పుదాం. రెండు, తరగతిలో ఇంటి మాటను ఎవరూ దిద్దకూడదు. పుస్తకం మాటను దాని పక్కన చెప్దాం, దాని మీద కాదు.

పెద్దవాళ్ళల్లో ఒకాయనకు కోపం వచ్చింది. "అరవ అక్షరాల్లో తెలుగా? అంతకంటే అవమానం ఉందా? మన అక్షరాలు ఇంత అందమైనవి పెట్టుకుని!" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. లిపి వదిలేస్తే పోతన, వేమన అందకుండా పోతారు. బనాత్ వాళ్ళకు కూడా ఆ నష్టం ఉంది, బల్గేరియాలో వచ్చే పుస్తకం చదవాలంటే వేరే అక్షరాలు నేర్చుకోవాల. మేము ఆయనకు చెప్పింది ఒకటే. "అన్నా, అక్షరం నలభై దాటినాక కూడా నేర్చుకోవచ్చు. మేము నేర్చుకున్నాం, బోర్డులు చూసి. మాట మాత్రం అమ్మ దగ్గర, అవ్వ దగ్గర తప్ప దొరకదు. మాట ఉంది గనకనే ఆ బోర్డు మీద అక్షరం మాకు అర్థమైంది." ఆయన ఒప్పుకోలేదు. వచ్చే కమిటీకి వాయిదా పడింది.

కమిటీ ఏమన్నా అననీ అని మేము, మా ఇంటామె కలిసి పోయిన ఆదివారం ఆ అవ్వ ఇంటికి పోయినాం. తప్పు మాది, మీ తెలుగు తప్పు కాదు అని చెప్పినాం. ఆమె కాఫీ ఇచ్చింది. మేము తెలుగులో మాట్లాడినాం, ఆమె అరవంలో బదులు చెప్పింది. వచ్చేదాకా అంతే. పాప తలుపు పక్కన నిలబడి మమ్మల్నీ అవ్వనీ మార్చి మార్చి చూస్తా ఉండింది. మళ్ళీ పోతాం. ఎన్నిసార్లయినా పోతాం.

మీకు ఒక మనవి. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్ళ నోటి మాటలు పది రాసి పంపండి. బొంబాయిలో ఉండేవాళ్ళు మరాఠీ అక్షరాల్లో రాయండి, బరంపురం వాళ్ళు ఒడియాలో రాయండి, బెంగుళూరు వాళ్ళు కన్నడంలో రాయండి. ఇంగ్లీషులో రాసినా సరే. చదివించుకునే పూచీ మాది. మేము తెలుగు అక్షరాల్లోకి ఎక్కించి, ఏ ఊరి మాటో పక్కన రాసి పెడతాం. దిద్దము. ఆ ఒట్టు మాత్రం గట్టిగా పెట్టుకున్నాం.

మొదటి పది మాటలు అమ్మ కార్డుల్లోవి. రేపు పెడతాం.